పాతపట్నం: గీత పక్కన ఊరు

శ్రీకాకుళం జిల్లాలో పాతపట్నం ఒక చిన్న ఊరు. పేరులో పట్నం ఉంది గాని పెద్ద పట్నం కాదు. మండల ఆఫీసు, రైలు స్టేషను, బజారు, నీలమణి దుర్గమ్మ గుడి ఉన్నాయి. ఊరు దాటగానే పర్లాకిమిడి వస్తుంది. అది ఒడిశా రాష్ట్రం. కొత్తగా వచ్చిన మనిషికి ఆంధ్ర ఎక్కడ అయిపోయిందో, ఒడిశా ఎక్కడ మొదలైందో చప్పున తెలియదు. నేల ఒకటే, పంటలు ఒకటే, మనుషుల ముఖాలూ ఒకటే. గోడల మీద, బోర్డుల మీద రాత చూస్తే మాత్రం తెలిసిపోతుంది.

ఒడియా అక్షరాలు కూడా మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే తెలుగే అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఒక్కటీ అర్థం కాదు. మన అక్షరానికి తలకట్టు ఉంటే, వాళ్ల అక్షరానికి నెత్తి మీద గొడుగులాంటి వంపు ఉంటుంది. కొత్తగా చదువు నేర్చుకున్న మనిషి పాతపట్నంలో బోర్డులన్నీ కూడబలుక్కుని చదువుతాడు. కాస్త దూరం నడిచి అవతలికి వెళ్లేసరికి మళ్లీ చదువు రానివాడు అయిపోతాడు!

ఈ గీత పూర్వం లేదు. మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ ఏరు ఈ ప్రాంతం మీదుగా పారి వంశధారలో కలుస్తుంది. మహేంద్రతనయ అంటే మహేంద్రుడి కూతురు. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ పర్లాకిమిడి జమీందారీ కింద ఉండేవి. జమీందారులు గజపతి రాజులు. జమీందారీ గంజాం జిల్లాలో, గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, కొండల మీద సవరలు ఇక్కడ కలిసి బతికేవారు. సంతలో మూడు భాషలూ వినిపించేవి.

పర్లాకిమిడి రాజావారు ఒక చిన్న రైలు వేయించారు. అది 1900 ఏప్రిల్ 1న మొదలైంది. సముద్రం దగ్గరి నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి వెళ్లేది. రెండు పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. తరవాత ఆ దారిని గుణుపురం దాకా పొడిగించారు. అది బొమ్మ రైలులా ఉండేది. అయినా ఈ ప్రాంతానికి అదే పెద్ద ఆధారం. 2004లో దాన్ని ఆపి పట్టాలు మార్చారు. 2011 నుంచి అయిదున్నర అడుగుల పట్టాల మీద పెద్ద రైలు నడుస్తోంది.

చిన్న రైలు మొదలైన సరిగ్గా 36 ఏళ్లకు, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఒడియా మాట్లాడేవాళ్లకు ఒక రాష్ట్రం కావాలని చాలా ఏళ్లుగా ఉద్యమం నడిచింది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి అందులో ముందు నిలిచారు. లండన్ వెళ్లి మరీ వాదించారు. వాళ్ల కోరిక న్యాయమైనదే. కాని రెండు భాషలు కలిసిన చోట గీత ఎక్కడ గీసినా కొందరు అటు, కొందరు ఇటు మిగిలిపోతారు. పర్లాకిమిడి పట్నం, జమీందారీలో కొంత భాగం ఒరిస్సాకు వెళ్లాయి. పాతపట్నం, మిగిలిన భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. మరుసటి ఏడు మహారాజా ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనేవారు. 1992లో పర్లాకిమిడి కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు గజపతి జిల్లా అని పేరు పెట్టారు.

ఆ గీత వల్ల బాధపడ్డ మనిషి ఒకరిని మనం తప్పక తెలుసుకోవాలి. ఆయన గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. కొండల నుంచి వచ్చే సవరలను చూసి, వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర భాషకు అప్పటికి రాత లేదు. ఆయన తెలుగు అక్షరాలతో సవర పిల్లలకు పుస్తకాలు రాశారు. తన డబ్బుతో వాళ్లకు బడులు పెట్టారు.

ఆయన ఇంకో పెద్ద పని కూడా చేశారు. ఆ రోజుల్లో జనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకాల్లో తెలుగు వేరు. నోటితో ‘వస్తున్నాడు’ అనేవాళ్లు. పుస్తకంలో ‘వచ్చుచున్నాడు’ అని రాయాలి. పిల్లలు అర్థం కాక బట్టీ పట్టేవారు. జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలు ఉండాలని రామమూర్తి గారు ఊరూరా తిరిగి వాదించారు. పండితులు ఎదురు తిరిగినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ పాఠం మీకు తేలికగా అర్థమవుతోందంటే, అందులో ఆయన కష్టం ఉంది.

పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయనకు 72 ఏళ్లు. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు. తెలుగువాళ్లకు అన్యాయం జరిగిందని ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

పాతపట్నం పేరు ఢిల్లీలో వినిపించిన రోజు కూడా ఉంది. 1952 ఎన్నికల్లో వి.వి. గిరి ఇక్కడి నుంచే లోక్‌సభకు గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టిన బరంపురం కూడా 1936లో ఒరిస్సాకు వెళ్లిన ఊరే.

గీత గీసినా జనం నడక ఆగలేదు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు బేరాలకు, వైద్యానికి, పెళ్లిళ్లకు వెళ్తూనే ఉన్నారు. 2020లో కరోనా వచ్చి రాష్ట్రాల సరిహద్దులు మూసేసినప్పుడు మాత్రం గీత కాస్తా గోడ అయింది. ఎదురుగా కనిపించే ఊరికి వెళ్లడానికి అనుమతి కాగితం కావలసి వచ్చింది.

అవతలి తెలుగు పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వాళ్లకు మాట వచ్చు, రాత రాదు. అలా పెరిగిన ఆడపిల్ల పెళ్లయి ఇవతలికి వస్తే, రేషను కార్డు మీద తన పేరు చదవడానికి ‘అ, ఆ’ల నుంచి దిద్దుకోవాలి. కన్నోరింటి నుంచి వచ్చే శుభలేఖ ఒడియాలో ఉంటుంది. అత్తోరింటి శుభలేఖ తెలుగులో ఉంటుంది. అలాంటి ఇంట్లో రెండు క్యాలెండర్లు పెట్టుకుంటే పనికొస్తాయి. ఉగాది ఒకదానిలో, ఒడియావాళ్ల కొత్త సంవత్సరం పణా సంక్రాంతి ఇంకోదానిలో చూసుకోవచ్చు.