నవ్వించే నాగేశ్ ఏడిపించిన చిత్రం

పిల్లవాడు చెడిపోతే ఇంట్లో వారు మేష్టర్లను అంటారు. మేష్టర్లు ఇంట్లో వారిని అంటారు. ఈ లోపల పిల్లవాడు పెద్దవాడై కాలేజీలో చేరనే చేరతాడు. ఇక అతన్ని దిద్దవలసిన వారెవరు? 1994లో దీపావళి రోజుల్లో విడుదలైన ‘నమ్మవర్’ అనే తమిళ చిత్రం ఎత్తుకున్న ప్రశ్న ఇదే. ‘మనవారు’ అని ఆ పేరుకు అర్థం.

ఈ చిత్రంతో మన తెలుగువారికి కొంత బంధుత్వం ఉంది. నిర్మించినది విజయా, చందమామ సంస్థల బి. నాగిరెడ్డిగారి కుటుంబమే. తెలుగులో ‘ప్రొఫెసర్ విశ్వం’ అనే పేరుతో వచ్చింది. దర్శకుడు కె. ఎస్. సేతుమాధవన్ మలయాళీ. ఆ మరుసటి ఏడు పాలగుమ్మి పద్మరాజుగారి కథను ‘స్త్రీ’గా తీసినది కూడా ఆయనే. 1962లో బాలనటుడు కమలహాసన్‌ను మలయాళ తెరకు తెచ్చిన దర్శకుడూ ఆయనే. ఆ బాలుడే పెద్దవాడై, ఇందులో గడ్డం పెంచిన ప్రొఫెసర్ సెల్వం!

సెల్వం చరిత్ర పాఠం చెప్పటానికి వచ్చేసరికి కాలేజీ అంతా రమేశ్ గుప్పిట్లో ఉంటుంది. అతడు డబ్బూ పలుకుబడీ గల ఇంటి బిడ్డ. అతనికి ఎదురు చెప్పే అధ్యాపకుడు లేడు. ఈ పాత్రలో కరణ్ మనకు నిజంగానే కోపం తెప్పిస్తాడు. సెల్వం ముందుగా తక్కిన విద్యార్థుల మనసులు గెలుచుకుంటాడు. ఒక పాటలో పిల్లలే చీపుళ్ళు పట్టి కాలేజీని బాగు చేసుకుంటారు. తమ చేతులతో శుభ్రం చేసిన చోటును పాడుచేయటానికి ఎవరికి మనసొప్పుతుంది?

కాని కథ అంత సులువుగా సాగదు. సాటి అధ్యాపకుడు ప్రభాకరరావు కూతురు అవమానం భరించలేక ప్రాణం తీసుకుంటుంది. ఆ తండ్రి వేషం నాగేశ్‌ది. ‘సర్వర్ సుందరం’ నాటినుంచి ఆయన తెరమీదికి వస్తే చాలు, జనం ముందే నవ్వటానికి సిద్ధపడేవారు. అటువంటి మనిషి కూతురి శవం ముందు నిలబడి, జరిగినది నమ్మలేక, పిచ్చివాడివలె మాట్లాడుతూ ఉంటే హాలులో ఎవరు నవ్వగలరు? ఆ వేషానికి ఆయనకు ఉత్తమ సహాయ నటుడుగా జాతీయ బహుమతి వచ్చింది. ఉత్తమ తమిళ చిత్రంగా చిత్రానికీ బహుమతి లభించింది. నాగేశ్ 2009లో కన్నుమూశారు. తమిళులు ఆ సన్నివేశాన్ని ఈనాటికీ తలచుకుంటారు.

సెల్వానికి మరొక బాధ ఉంది. అతని రక్తంలో కాన్సరు. తనకు మిగిలిన కొద్ది కాలాన్ని పరాయి పిల్లలకోసం వెచ్చించే మనిషి అతడు.

చిత్రంలో పాటలూ పోట్లాటలూ లేకపోలేదు. అయినా మనసులో నిలిచేది ఒక్కటే: అల్లరి అని పెద్దలు మొదట చూసీ చూడనట్లు ఊరుకున్నదే, చివరకు ఒక ఇంటి దీపాన్ని ఆర్పింది. కాలేజీకి వెళ్ళే పిల్లలున్న తలిదండ్రులు వారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసిన చిత్రమిది. చూశాక పిల్లలకు నీతి చెప్పనక్కరలేదు. వాళ్ళు చెప్పేది వింటే చాలు.