చెరసాల ద్వారమున ఎక్స్ కిరణము

ఆసుపత్రిలో ఎక్స్‌రే గది తలుపుపై వెలిగెడు ఎర్రదీపమును, దాని ప్రక్కన గర్భిణీ స్త్రీలు ముందుగా తెలుపవలెనను హెచ్చరిక పలకను మన శ్రోతలలో చాలమంది చూచియే యుందురు. విరిగిన ఎముకను చూచుటకో, ఊపిరితిత్తులను పరీక్షించుటకో వైద్యుడు చీటి వ్రాసి ఇచ్చిన పిమ్మటనే మనము ఆ గదిలోనికి పోదుము. ఆ కిరణము మనపై పడుట మన మేలు కొరకే. కలుగబోవు మేలు ముందు కలుగగల కీడు అత్యల్పమని వైద్యుడు ఎంచినాడు గనుకనే మనము అందులకు ఒప్పుకొందుము.

ఇక మరియొక గదిని చూతము. ఇది చెరసాల ద్వారమున ఉన్నది. కొత్తగా వచ్చిన ఖైదీ ఒకడు యంత్రము నడుమ నిలువబడును. కొన్ని క్షణములలో అతని శరీరము లోపలి చిత్రము తెరపై కనబడును. అతనికి జబ్బు లేదు. వైద్యుని చీటి లేదు. వద్దని చెప్పి ఇంటికి పోవుటకు మనకున్న వీలు అతనికి లేదు. ఇట్టివానిపై ఎక్స్ కిరణమును ప్రసరింపజేయుటకు ఏ నియమములు ఉండవలెనన్న విషయమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

అసలు ఈ యంత్రము ఎందుకు కావలసివచ్చినది? మత్తుపదార్థముల పొట్లములను మ్రింగియో, శరీరములో దాచుకొనియో చెరసాలలోనికి తెచ్చువారు పలు దేశములలో కలరు. కడుపులో పొట్లము పగిలినచో తెచ్చినవాని ప్రాణమునకే ముప్పు. లోపలికి చేరిన సరకు ఇతర ఖైదీలను అప్పులలోనికి, కొట్లాటలలోనికి ఈడ్చును. దీనిని పట్టుటకు పాతకాలపు ఉపాయము బట్టలు విప్పించి వెదకుట. అది వెదకబడువానికి, వెదకువానికి కూడ అవమానకరము. పైగా మ్రింగిన వస్తువు దానికి దొరకదు. కావున యంత్రము కొంతవరకు ఖైదీ మర్యాదను, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ కాపాడునదే. ఈ మాటను మరువరాదు.

శరీరమును పరీక్షించు యంత్రములన్నియు ఒక జాతివి కావు. విమానాశ్రయములలో నేడు వాడుకలోనున్న వానిలో అనేకము మిల్లీమీటరు తరంగములతో పనిచేయును. ఇవి రేడియో తరంగములకు చుట్టములు. అణువులను ఛేదించు శక్తి వీనికి లేదు. బట్టల మాటున ఉన్న వస్తువును ఇవి చూపును గాని చర్మము దాటి లోపలికి పోజాలవు. చెరసాల యంత్రము శరీరమును భేదించి ఆవలికి పోవు ఎక్స్ కిరణముతో పనిచేయును. ఇది ఆసుపత్రి ఎక్స్‌రేకు తోబుట్టువే. అయితే మోతాదు మిక్కిలి తక్కువ. 2011లో ఐరోపా సమాఖ్య తన విమానాశ్రయములలో ఎక్స్ కిరణ స్కానర్లను అనుమతింపక, మిల్లీమీటరు తరంగముల వానినే అనుమతించెను. కిరణము లేకయే పని జరుగునప్పుడు కిరణము ఎందుకన్నదే అందలి న్యాయము. చెరసాలలో కడుపు లోపల చూడవలసి వచ్చుటచేత ఆ ప్రత్యామ్నాయము చాలదు. చిక్కు అంతయు ఇచ్చటనే ఉన్నది.

మోతాదు ఎంతయో తెలిసిననే గాని భయమునకుగాని ధైర్యమునకుగాని అర్థము లేదు. వికిరణము వలన శరీరమునకు కలుగు ప్రభావమును స్వీడన్ దేశపు శాస్త్రవేత్త రోల్ఫ్ సీవర్ట్ పేర సీవర్టులలో కొలుతురు. సీవర్టులో వెయ్యవ వంతు మిల్లీసీవర్టు; అందులో వెయ్యవ వంతు మైక్రోసీవర్టు. నేలనుండి, గాలినుండి, ఆకాశమునుండి, తినెడు తిండినుండి ప్రపంచమున సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు సహజముగానే అందును. కొన్నిచోట్ల ఇది ఎక్కువ. మన భీమునిపట్టణపు తీరమున ఇసుకలోని మోనజైటులో థోరియము ఉన్నదని వినియుందురు. అట్టి ఖనిజములున్న నేల కొంత అధికముగా ఇచ్చును.

అమెరికాలో ఇట్టి యంత్రములకు 2009లో ప్రకటించిన ప్రమాణము వీనిని రెండు తరగతులు చేసినది. ఎల్లరను పరీక్షింపదగిన యంత్రము ఒక పరీక్షకు 0.25 మైక్రోసీవర్టును మించరాదు. ఇది సగటున ఒక గంటలో ప్రకృతి మనకిచ్చు మోతాదుతో సమానము. పరిమితముగా వాడదగిన రెండవ తరగతి యంత్రము ఒక పరీక్షకు 10 మైక్రోసీవర్టుల వరకు ఇయ్యవచ్చును. తరగతి ఏదైనను, ఒక సంస్థలో ఒక వ్యక్తికి పండ్రెండు నెలలలో 250 మైక్రోసీవర్టులు దాటరాదు. అనగా మొదటి యంత్రముతో వేయి పరీక్షలు. రెండవదానితో ఇరువదియైదు మాత్రమే.

250 అను సంఖ్య ఎట్లు వచ్చినది? సామాన్య ప్రజలకు, వైద్యమును ప్రకృతిని మినహాయించి, ఏడాదికి 1 మిల్లీసీవర్టు అనగా 1000 మైక్రోసీవర్టులు మించరాదని అంతర్జాతీయముగా అంగీకరింపబడినది. మనిషికి ఈ ఒక్క యంత్రమే గాక వేరు మూలములు కూడ ఉండవచ్చును గదా! కావున ఏ ఒక్క మూలమును నాలుగవ వంతునకు మించి తీసికొనరాదని నిర్ణయించిరి.

ఇంత స్వల్పమైనప్పుడు ఇన్ని నియమములేల అని కొందరు అడుగవచ్చును. దీనికి చెప్పుల దుకాణముల కథ సమాధానము. 1920 ప్రాంతము మొదలు అమెరికాలోను ఐరోపాలోను చెప్పుల దుకాణములలో ఎక్స్‌రే పెట్టెలు ఉండెడివి. పిల్లవాడు కొత్త జోడు తొడిగి పెట్టెలో పాదముంచినచో ఎముకలు తెరపై ఆడుచు కనబడెడివి. అది వేడుక, వ్యాపారమునకు ఆకర్షణ. ఒక్క తడవ చూచిన పిల్లవానికి ఏమగునని ఎవరును అడుగలేదు. పది దుకాణములు తిరిగినవానికి, దినమెల్ల ఆ పెట్టె ప్రక్కన నిలుచు గుమాస్తాకు ఎంత అందుచున్నదో చాలకాలము ఎవరును లెక్కింపలేదు. తుదకు 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రము ఆ పెట్టెలను నిషేధించెను. తక్కినవారు క్రమముగా అదే దారి పట్టిరి. జోడు కొలుచుటకు ఎక్స్ కిరణము అక్కరలేదు. అక్కరలేని కిరణము ఎంత స్వల్పమైనను అధికమే.

అందుచేతనే వికిరణ రక్షణశాస్త్రమున మొదటి సూత్రము సమర్థన. ప్రయోజనము కీడును మించుననియు, వేరు మార్గము లేదనియు ముందుగా నిరూపింపవలెను. రెండవది, మోతాదును సాధ్యమైనంత తగ్గించుట. మూడవది, మితిని దాటకుండుట. మితికి లోబడి ఉన్నంతమాత్రమున మొదటి రెండును తీరిపోవు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2014లో ప్రకటించిన భద్రతా ప్రమాణములు, దొంగరవాణాను పట్టుటకై మనుష్యులపై వికిరణమును ప్రయోగించుట సాధారణముగా సమర్థనీయము కాదనియే చెప్పుచున్నవి. ప్రత్యేక పరిస్థితులలో ప్రభుత్వము అనుమతింపదలచినచో కారణములను విచారించి, కట్టుబాట్లు విధింపవలెను.

ఈ కట్టుబాట్లు ఎట్లుండునో రెండు దేశములను చూచినచో తెలియును. ఇంగ్లండు, వేల్సులలో 2020 మొదలు వయోజన పురుషుల చెరసాలలలో ఎక్స్‌రే స్కానర్లను విరివిగా నెలకొల్పిరి. వచ్చిన ప్రతివానిని ఊరకే నిలబెట్టుటకు అచ్చట వీలులేదు. శరీరములో ఏదో దాచినాడని సమాచారమైనను, సహేతుకమైన అనుమానమైనను ఉండవలెను. ఒక ఖైదీని ఒక సంవత్సరములో 116 పర్యాయములకు మించి పరీక్షింపరాదు. ప్రతి పరీక్షయు అతని పేర నమోదు కావలెను.

న్యూయార్క్ రాష్ట్రమున కథ వేరు. అచ్చటి ఆరోగ్యచట్టము మనుష్యులపై ఎక్స్ కిరణమును వైద్యమునకు తప్ప వాడనీయలేదు. చెరసాలల కొరకు 2018లో ఆ చట్టమును సవరించిరి. కాని సవరణలోనే మూడు గట్లు కట్టిరి. ఖైదీకి అందు మోతాదు వార్షిక పరిమితిలో సగమును మించరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి నూటికి 5 వంతులు మించరాదు. గర్భిణీ స్త్రీలను ఎన్నడును ఈ యంత్రములో నిలుపరాదు. ఎదుగుచున్న శరీరమునకు, గర్భస్థ శిశువునకు వికిరణము వలన ముప్పు హెచ్చన్న శాస్త్రవిషయము ఇచ్చట చట్టముగా మారినది.

ఉద్యోగుల సంగతియు చెప్పవలెను. కిరణము వెలువడుచున్నంతసేపు దీపము వెలుగవలెను. గీచిన హద్దు లోపల వేరెవ్వరును ఉండరాదు. యంత్రములోని కదలెడు భాగము ఆగిపోయినచో కిరణమును తనంత తానే ఆపుకొనవలెను. ఏడాదికొకసారి, మరమ్మతు తరువాత మరల, నిపుణుడు కొలిచి చూడవలెను. యంత్రము ఆపిన పిదప కూడ గదిలో వికిరణము నిలిచియుండునని కొందరి భయము. అది అపోహ. దీపము ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్లే ఎక్స్ కిరణమును మిగలదు.

ఈ నియమములన్నిటిలో మాకు ముఖ్యముగా తోచినది లెక్క వ్రాయుట. ఒక్క పరీక్ష ఎవరినిగాని బాధింపదు. కాని ఖైదీ న్యాయస్థానమునకు పోయి వచ్చును, పనికి పోయి వచ్చును, ఒక చెరసాలనుండి వేరొకదానికి మారును. అమెరికా ప్రమాణము ఒక సంస్థలోని మోతాదునకు మితి పెట్టినది. మనిషి మారినచోట లెక్క మరల సున్ననుండి మొదలైనచో ఆ మితి వలన అతనికి పూర్తి రక్షణ లేదు. శరీరము మాత్రము పాత లెక్కను మరువదు గదా! లెక్క యంత్రము పేర గాక మనిషి పేర ఉండవలెను. మనిషితోపాటు ప్రయాణము చేయవలెను.

మన దేశమున ఎక్స్ కిరణ యంత్రములపై పర్యవేక్షణ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. మన ఇండ్లలో ఎక్స్‌రే ఫిల్ములను కవరులో భద్రపరచి, మరల వైద్యుని వద్దకు పోవునపుడు వెంట తీసికొనిపోదుము. ఉన్న ఫిల్ము చాలునా, కొత్తది కావలెనా అని అడుగు స్వేచ్ఛ మనకు కలదు. ఖైదీ ఆ ప్రశ్న అడుగజాలడు. అడుగజాలనివాని తరపున ఆ ప్రశ్నను ప్రతి పర్యాయము అడుగుటయే ఈ నియమముల పని.