మండపీత బేరం: తూకం కన్నా కండ ముఖ్యం
చిన్న పీతను కొంటే హోటలుకూ నష్టమే, వ్యాపారికీ నష్టమే

రొయ్యలనైతే ఐసులో పెట్టి, ధర బాగున్న రోజున అమ్ముకోవచ్చు. మండపీతకు ఆ వెసులుబాటు లేదు. ప్రాణంతో ఉన్నంతవరకే అది సరుకు. చచ్చిన పీత త్వరగా చెడిపోతుంది కనుక ఎగుమతిదారు దానిని తీసుకోడు, పేరున్న హోటలు వంటశాలలోకి రానివ్వదు. ఏటి ఒడ్డున పలికే ధరకూ హోటల్లో పళ్ళెం ధరకూ మధ్య ఉండే తేడాకు ఇది ముఖ్య కారణం. రెండవ కారణం గుల్ల సరుకు. మూడవది, అందరూ చూసీ చూడనట్టు వదిలేసేది, చిన్న సరుకు.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల నుంచి, కృష్ణా ముఖద్వారాన నాగాయలంక, నిజాంపట్నం ప్రాంతాల నుంచి, దక్షిణాన పులికాట్ సరస్సు నుంచి ఈ పీత మార్కెట్టుకు వస్తుంది. డెక్కలు తాడుతో కట్టి, తడి గోనె కప్పి, గాలి ఆడే బుట్టల్లో చల్లగా ఉంచితే నీటి బయట కూడా కొన్ని రోజులు బతుకుతుంది. ఆ గుణం వల్లనే చెన్నై నుంచి విమానంలో సింగపూరుకు, చైనాకు సజీవంగా వెళ్ళగలుగుతున్నది. ఎగుమతికి ఎంచగా మిగిలినది మన ఊళ్ళ హోటళ్ళకు చేరడం చాలాకాలంగా వస్తున్న రివాజు.

గుల్ల సరుకు లెక్క

పీత పెంకు పెరగదు. ఒళ్ళు పెరగాలంటే పాత పెంకును విడవాలి. విడిచిన వెంటనే ఒళ్ళు నీటితో ఉబ్బి, కొత్త పెంకు దాని మీద గట్టిపడుతుంది. లోపల కండ నిండడానికి వారాలు పడుతుంది. ఈలోగా పట్టిన పీత చూపుకు పెద్దది, వండితే గుల్ల. కడుపు వైపు, నడక కాళ్ళ మొదళ్ళ దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా నిలిస్తే కండ ఉన్నట్టు, లొంగితే నీరు ఉన్నట్టు. పెంకు మాసి, డెక్కల పళ్ళు అరిగి ఉన్నది సాధారణంగా నిండు సరుకే. కొత్తగా మెరిసే పెంకును అనుమానించాలి.

లెక్క సులువుగా ఉండేందుకు కిలో 100 రూపాయలనుకుందాం. ఒక హోటలు ఏరకుండా 20 కిలోలు కొన్నది. పెట్టుబడి 2,000 రూపాయలు. రెండు కిలోలు దారిలో చచ్చి, మూడు కిలోలు గుల్లగా తేలితే వంటకు పనికివచ్చేది 15 కిలోలు. అంటే కిలో 133 రూపాయలు పడినట్టు. మరొక హోటలు నొక్కి చూసి ఏరిన సరుకును కిలో 120 చొప్పున 20 కిలోలు తీసుకుని, ఒక్క కిలో మాత్రం పోగొట్టుకున్నది. దానికి పడిన ధర కిలో 126 రూపాయలు. చవక బేరమే ఖరీదైనదని తేలుతున్నది.

గుల్ల పీత పనికిరానిదేమీ కాదు. దానిని చెరువులోనో పెట్టెల్లోనో ఉంచి చిల్లర చేపలు మేపితే మూడు నాలుగు వారాలలో కండ పడుతుంది. ఈ పని మీద బతికే రైతులు మన తీరంలో ఉన్నారు. గుల్లను వారికి గుల్ల ధరకు అమ్మి, నిండినాక నిండు ధరకు కొనడం అందరికీ గిట్టుబాటు అయ్యే పద్ధతి.

గుడ్డు పీతలో తేడా

ఆడ పీత విషయంలో మార్కెట్టు రెండు వేర్వేరు సరుకులను ఒకే పేరుతో పిలుస్తున్నది. పెంకు లోపల నారింజ రంగు గుడ్డు నిండినది ఒకటి. సింగపూరు, చైనా కొనుగోలుదారులు దీనికి మంచి ధర ఇస్తారు. కడుపు రేకు కింద, బయటికి కనిపించేటట్టు గుడ్ల ముద్దను మోస్తున్నది రెండవది. ఈ దశకు ఆడ పీత ఏరు వదిలి సముద్రంలోకి పోతుంది. ఒక్కొక్కటి లక్షల గుడ్లు పెట్టినా వాటిలో బతికి మడ అడవులకు తిరిగి వచ్చేవి బహు కొద్ది. ఇటువంటి పీతను బుట్టలో వేసుకోవడమంటే విత్తనపు వడ్లు దంచుకుని తిన్నట్టే.

ఇదే జాతి మండపీతను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పట్టే నిబంధన చాలా కఠినం. ఆడ పీతను అసలు పట్టరాదు. మగ పీత పెంకు వెడల్పు 15 సెంటీమీటర్లకు తక్కువ ఉండరాదు. అమెరికా పశ్చిమ తీరంలో డంజనెస్ పీతకు కూడా పరిమాణం, మగ-ఆడ తేడా, రుతువు అనే మూడు కట్టుబాట్లు ఉన్నాయి. అక్కడ సీజను ప్రారంభం కోసం హోటళ్ళు ఎదురుచూస్తాయి. కొరత రోజులే ఆ సరుకుకు గిరాకీని పెంచుతున్నాయి.

కొలంబో అనుభవం

మనకు దగ్గరి ఉదాహరణ శ్రీలంకలో ఉన్నది. ఆ దేశపు పెద్ద పీతలు ఎక్కువగా సింగపూరుకు పోతుండేవి. 2011లో దర్శన్ మునిదాస అనే వంటల నిపుణుడు, క్రికెటర్లు మహేల జయవర్ధనే, కుమార సంగక్కర కలిసి కొలంబోలోని పాత డచ్చి ఆసుపత్రి భవనంలో ‘మినిస్ట్రీ ఆఫ్ క్రాబ్’ అనే భోజనశాల తెరిచారు. అక్కడ పీతను గడ్డకట్టించి నిల్వ చేయరు. వంటకాల పట్టిక అర కిలో పీతతో మొదలై, రెండు కిలోల ‘క్రాబ్‌జిల్లా’ దాకా పోతుంది. ఏ పరిమాణం దొరికేదీ ఆనాటి రాబడిని బట్టి ఉంటుంది.

వ్యాపారికి ఇందులో పాఠం ఉన్నది. పట్టిక అర కిలోతో మొదలైనప్పుడు చిన్న పీతకు ఆ గుమ్మంలో బేరం లేదు. కొనేవాడు లేని సరుకును పట్టేవాడు ఏటిలోనే వదిలేస్తాడు. “ఈరోజు పెద్ద పీత లేదు” అని చెప్పగల హోటలుకు, ఉన్నరోజున కోరిన ధర వస్తుంది.

సీజను, నిషేధం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల సముద్ర వేటకు నిషేధం ఉన్నది. ఆ రోజుల్లో తాజా సముద్రపు పీత రాబడి తగ్గుతుంది కనుక హోటళ్ళ చూపు ఏటి పీత మీదికి మళ్ళడం సహజం. చిన్న సరుకు చొరబడే అవకాశం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. పెంపకం ఈ లోటును పూర్తిగా తీర్చలేకున్నది. తమిళనాడులో శీర్కాళి సమీపాన ఉన్న రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ హేచరీ పీత పిల్లలను ఉత్పత్తి చేస్తున్నది. అయితే పెంకు విడిచిన పీతను తోటి పీతలే తినివేస్తాయి కాబట్టి చెరువులో మిగిలేవి తక్కువ.

ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో 2020 జనవరిలో తెలిసివచ్చింది. చైనా నూతన సంవత్సర గిరాకీని నమ్ముకుని ఎగుమతిదారులు సరుకు సిద్ధం చేసుకోగా, కరోనా వ్యాధితో అక్కడి బేరం ఒక్కసారిగా నిలిచిపోయింది. బతికి ఉన్న సరుకుకు నెల రోజులు ఆగే ఓపిక లేదు. ఇక్కడి హోటళ్ళు మేలురకం ధర ఇచ్చి కొనే అలవాటులో ఉండి ఉంటే ఆ దెబ్బ కొంతైనా తగ్గేది.

హోటళ్ళూ కమీషన్ వ్యాపారులూ ముందుగా మాట్లాడుకోవలసిన షరతులు నాలుగే. అర కిలోకు తక్కువ తూగే పీతను కొనకపోవడం, గుడ్ల ముద్ద బయటికి ఉన్న ఆడ పీతను తిప్పి పంపడం, నొక్కి చూసిన తర్వాతనే తూకం వేయడం, దారిలో చచ్చిన సరుకు నష్టం ఎవరిదో బేరంలోనే తేల్చుకోవడం. ఇలా కొంటే తొలి రోజుల్లో రాబడి తగ్గినట్టు కనిపించవచ్చు. ఈనాడు వదిలిన పావు కిలో పీతను పెరిగినాక అదే ఏటిలో పట్టి, అదే వ్యాపారి ఎక్కువ ధరకు అమ్ముకునే అవకాశం ఉన్నది.