కొండ కదలికపై ఆకాశం నుంచి నిఘా
సెంటీమీటర్లలో లెక్క తేలుస్తున్న ఉపగ్రహాలు

చౌడేపల్లె: కొండచరియ విరిగిపడిందనగానే అది క్షణంలో ముంచుకొచ్చిన ఉపద్రవంగానే అందరూ భావిస్తారు. కానీ మట్టి మందంగా పేరుకున్న వాలు పలుచోట్ల నెలల ముందే, ఒక్కోచోట ఏళ్ల ముందే కదలడం మొదలుపెడుతుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు లేదా సెంటీమీటర్ల చొప్పున సాగే ఈ జరుగుబాటు కంటికి ఆనదు. దానిపైనే ఇళ్లు, రోడ్లు, కాలువలు ఉంటే ముప్పు రెట్టింపవుతుంది.

ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌ ఇందుకు నిదర్శనం. 2022 ఏప్రిల్‌ నుంచి నవంబరు వరకు అక్కడ నేల సుమారు 9 సెం.మీ. కుంగింది. అదే ఏడాది డిసెంబరు 27 నుంచి 2023 జనవరి 8 వరకు, అంటే కేవలం 12 రోజుల్లో మరో 5.4 సెం.మీ. దిగింది. ఈ లెక్క తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రమే. ఆ నివేదికను కొద్ది రోజులకే వెబ్‌సైట్‌ నుంచి తొలగించడం విమర్శలకు తావిచ్చింది.

కొలిచేదెలా?

ఉపగ్రహం పంపిన రాడార్‌ తరంగం నేలను తాకి తిరిగి వస్తుంది. కొన్ని రోజుల తర్వాత అదే మార్గంలో వచ్చి మళ్లీ తరంగాన్ని పంపుతుంది. ఈలోపు నేల జరిగి ఉంటే రెండు తరంగాల దశలో తేడా కనిపిస్తుంది. ఐరోపాకు చెందిన సెంటినల్‌-1 తరంగం పొడవు సుమారు 5.6 సెం.మీ. అందులో సగం, అంటే 2.8 సెం.మీ. మేర నేల ఉపగ్రహానికి దగ్గరైనా, దూరమైనా ఒక పూర్తి ఆవృత్తి తేడా వస్తుంది. పట్టణాల్లోని భవనాలు తరంగాన్ని ప్రతిసారీ ఒకేలా తిప్పి పంపుతాయి కనుక అక్కడ ఫలితం బాగుంటుంది. చెట్లు దట్టంగా ఉన్న వాలుపై తడబడుతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నైసార్‌ ఉపగ్రహంలోని పొడవైన తరంగాలు ఈ లోటును కొంత తీర్చగలవు. ఇది 12 రోజులకోసారి ఒకే ప్రాంతాన్ని చూస్తుంది.

రాడార్‌ ఒక్కటే చాలదు. వాలులో బోరు వేసి అందులో వంపు కొలిచే పరికరాన్ని దించితే ఏ లోతున మట్టి జారుతోందో తెలుస్తుంది. భూగర్భ నీటి ఒత్తిడిని కొలిచే పరికరం వర్షాకాలంలో మరీ కీలకం. నీరు చేరేకొద్దీ మట్టి పట్టు సడలుతుంది. గ్యాంగ్‌టక్‌లోని చాంద్‌మారిలో అమృత విశ్వవిద్యాపీఠం 2018లో ఇలాంటి పరికరాలనే అమర్చింది.

బండరాళ్ల తీరు వేరు

బోయకొండ గంగమ్మ కొలువైన కొండతో పాటు చౌడేపల్లె, మదనపల్లె పరిసరాల్లోని కొండలు ఎక్కువగా గ్రానైటు బండలే. ఇలాంటిచోట నెమ్మదిగా జారే మట్టి కంటే పగులులోకి నీరు చేరి ఒక్కసారిగా దొర్లే రాయే ప్రమాదకరం. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌ రోడ్డుపై పడినవి అలాంటి రాళ్లే. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లపై పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. క్షణాల్లో ముగిసే ఇలాంటి పతనాన్ని పన్నెండు రోజులకోసారి వచ్చే ఉపగ్రహం పట్టుకోలేదు. బండల పగుళ్ల వద్ద నేరుగా కొలతలు తీయాల్సిందే.

కొండవాలున నివసించేవారూ కొన్ని గుర్తులు గమనించవచ్చు. గోడ పగులు వెడల్పవడం, తలుపులు బిగుసుకుపోవడం, స్తంభాలు ఒరగడం, కొత్త ఊటల నుంచి బురదనీరు రావడం అలాంటివే. పగులుకు రెండు వైపులా మేకులు కొట్టి, వాటి మధ్య దూరాన్ని వారానికోసారి స్కేలుతో కొలిచి తేదీతో రాసుకుంటే చాలు. వర్షం తర్వాత ఆ దూరం వేగంగా పెరుగుతుంటే ఇల్లు ఖాళీ చేసి రెవెన్యూ అధికారులకు తెలపాలి.