లయన్‌ఫిష్‌కు తోడుగా ఏ చేపల్ని వేయాలి?

పండుగకు వచ్చిన ఈదీ డబ్బులు కూడబెట్టి పిల్లలు ముచ్చటపడ్డారని ఉప్పునీటి అక్వేరియం కొంటాం. అందులో ఒక లయన్‌ఫిష్, తోడుగా రెండు 'నీమో' చేపలు వేస్తాం. తెల్లారేసరికి నీమోలు ఉండవు. లయన్‌ఫిష్‌ది తప్పు కాదు, అది పుట్టుకతోనే వేటాడే చేప. జత కుదర్చడంలోనే మనం పొరపాటు చేశాం.

మొదటి సూత్రం: నోట్లో పట్టేది ఏదైనా దానికి ఆహారమే. లయన్‌ఫిష్ తన పొడవులో సగం ఉన్న చేపను కూడా మింగగలదు. క్లౌన్‌ఫిష్, డామ్‌సెల్, రొయ్యలు, చిన్న పీతలు దాని దగ్గర నిలవవు.

రెండోది: తోడు చేప మరీ దుడుకుగా ఉండకూడదు. ట్రిగ్గర్‌ఫిష్ సైజులో సరిపోయినా లయన్‌ఫిష్ రెక్కల్ని కొరికి పెడుతుంది. పెద్ద ట్యాంగ్, ఫాక్స్‌ఫేస్, స్నోఫ్లేక్ ఈల్ లాంటివి సాధారణంగా కుదురుతాయి. అయినా మొదటి వారం రోజులు గమనిస్తూ ఉండాలి. శాంతంగా ఉండేవాటిని ముందు, దుడుకువాటిని చివర వేయాలి.

మూడోది జాగా. పెద్ద రకం లయన్‌ఫిష్ 30 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి 450 లీటర్ల ట్యాంకైనా కావాలి. అంత చోటు లేకపోతే 15 సెంటీమీటర్ల దాకా పెరిగే మరుగుజ్జు రకం చూసుకోండి.

బౌరంపేట్‌లో సముద్రపు నీళ్ళు దొరకవు కదా! అలాగని బోరు నీళ్ళలో వంట ఉప్పు కలపకండి. ఆర్‌ఓ నీళ్ళలో అక్వేరియం ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలి. వేడి 24-27 డిగ్రీల మధ్య ఉంచాలి, కాబట్టి ఎండాకాలం చిల్లర్ తప్పదు. కరెంటు పోతే నడిచేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. లయన్‌ఫిష్ ముళ్ళలో విషం ఉంటుంది. పిల్లల చేతులు ట్యాంకులో పడనివ్వకండి. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడినీళ్ళలో చేయి ముంచి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. అలాగే సముద్రగుర్రాలు, పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చాయి. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ సంగతి హదీసులో విన్నవాళ్ళం. గాజుగోడల మధ్య ఉన్న చేప కూడా మన చేతిలోని అమానతే. కొనే ముందే దాని జత, జాగా, తిండి ఆలోచించాలి.