తుపాకి ఎందుకు తన్నుతుంది?

తుపాకి పేలినప్పుడు గుండు ముందుకు దూసుకుపోతుంది; తుపాకి వెనక్కి తన్నుతుంది. గుండూ, మందు వాయువులూ ముందుకు తీసుకుపోయే ద్రవ్యవేగం ఎంతో, తుపాకికి వెనుకకు కలిగే ద్రవ్యవేగమూ అంతే.

అమెరికాలో పెద్దల పర్యవేక్షణలో జింకల వేట నేర్చుకొనే బాలబాలికలకు ఈ సూత్రం ముఖ్యం. భుజానికి దెబ్బ తగులుతుందన్న భయంతో ముందే కళ్లు మూసుకుంటే గురి తప్పుతుంది. జంతువు చావక, గాయంతో బాధపడుతుంది.

అదే తూటాకు తుపాకి బరువు రెట్టింపయితే తన్నే శక్తి సగమవుతుంది. కాని అంత బరువు పిల్లలు మోయలేరు. కనుక తూటానే చిన్నదిగా ఎన్నుకోవాలి. 1906 నాటి '.30-06' తూటాలో సాధారణంగా వాడే గుండు సుమారు 11.7 గ్రాములు, 1955లో వచ్చిన '.243 విన్‌చెస్టర్'లో 6.5 గ్రాములు. తుపాకుల బరువు సమానమైతే, రెండవది తన్నే శక్తి మొదటిదానిలో దాదాపు సగమే. జింకకు అది చాలును. భుజానికి ఆనే చివర రబ్బరు మెత్త ఉంటే తాకిడి కాలం పెరిగి, బలం ఇంకా తగ్గుతుంది.