చేతికందిన తిమింగిలము

మెక్సికో దేశపు పడమటి అంచున బాహా కాలిఫోర్నియా అను సన్నని ద్వీపకల్పము కలదు. దాని నడిమి తీరమున, మన పులికాటువలెనే సముద్రముతో కలిసియున్న ఉప్పునీటి సరస్సొకటి యున్నది. పేరు శాన్ ఇగ్నాసియో. శీతకాలమున అచ్చటి బెస్తలు యాత్రికులను చిన్న మోటారు పడవలలో ఎక్కించుకొనిపోయి తిమింగిలములను చూపింతురు.

చూపింతురనుట సరికాదేమో. పడవ సరస్సు మొగ దగ్గరకు చేరగానే సరంగు వేగము తగ్గించి వేచియుండును. దూరమున నీటిపై పది, పదునైదడుగుల యెత్తున ఆవిరి చిమ్మును. అచ్చటికి పడవను పరుగెత్తించుట కూడదు. తల్లి తిమింగిలము ఇచ్చగించినచో తానే వచ్చును. లేనిచో ఆనాటి యాత్ర అంతటితో సరి.

వచ్చినప్పుడు మాత్రము చూపరులకు నోట మాట రాదు. నలుబది అడుగులకు పైబడిన తల్లి పడవ క్రిందుగా దూరి ఆవలి ప్రక్కన తేలును. పడవ పొడవు దానిలో ఇంచుమించు సగమే. దాని బూడిదరంగు మేనిపై తెల్లని గుల్లలు అంటుకొని పెరిగి, పెచ్చులూడిన గోడవలె గరుకుగా నుండును. పిల్ల చర్మము నునుపు. ఒక్కొక్కప్పుడు తల్లి పిల్లను వీపుపై ఎత్తి పడవవైపు త్రోయును. యాత్రికులు చేయి చాచి దాని మూతిని నిమురుదురు. ఆ సరస్సులో డాల్ఫినులును కలవు. అవి పడవ ముందు ఎంతగా ఎగిరిపడినను, పాపము, వానిని పట్టించుకొను వారుండరు.

ఈ చెలిమికి వెనుకనున్న చరిత్ర నెత్తుటితో కూడినది. 1857లో చార్లెస్ స్కామన్ అను అమెరికా కెప్టెను ఈ తీరముననే మరియొక సరస్సున, ఈనవచ్చిన తిమింగిలముల వేట సాగించెను. కొలది యేండ్లలోనే వేటపడవలు శాన్ ఇగ్నాసియోకును చేరినవి. ఆనాడు దీపములకు నూనె కావలెను. తిమింగిలపు క్రొవ్వు నుండి అది లభించెడిది. పిల్లను విడిచి తల్లి పారిపోదు గనుక ఇరుకు నీట దానిని పొడుచుట సులభమనుకొనిరి. గాయపడిన తల్లులు తోకతో పడవలను తుత్తునియలు చేసినవి. అంతట నావికులు వానికి దయ్యపు చేపయని పేరు పెట్టిరి. బిడ్డను కాచుకొను తల్లికి దక్కిన బిరుదు! విచిత్రమేమనగా, ఈ జాతి నడవడిని ఎంతయో శ్రద్ధగా వర్ణించి 1874లో గ్రంథము ప్రకటించినవాడును ఆ స్కామనే.

1946 నాటి అంతర్జాతీయ ఒడంబడిక వీనికి రక్షణ నిచ్చినను, బెస్తల భయము పోలేదు. తిమింగిలము సమీపించినచో పడవ చెక్కపై దబదబ బాది తోలెడివారు. 1972లో ఫ్రాన్సిస్కో మయోరాల్ అను బెస్త చేపలు పట్టుచుండగా పెద్ద తిమింగిలమొకటి పడవ ప్రక్కకు వచ్చెను. అడుగున దూరి, మరల తేలి, ఎంతసేపటికిని విడువలేదు. తుదకు ఆయన భయపడుచునే వ్రేలితో తాకెను. అది కదలలేదు. పిదప అరచేయి ఆనించెను. తరువాతి కాలమున యాత్రికులకు తోడు పోవుటయే ఆయన వృత్తి యయ్యెను, 2013లో మరణించెను. తిమింగిలము లేల దరిచేరునో పండితులలో ఏకాభిప్రాయము లేదు.

1979లో మెక్సికో ప్రభుత్వము ఈ సరస్సును తిమింగిలములకు శరణాలయముగా ప్రకటించెను. ఎగువ భాగమునకు యాత్రికుల పడవలు పోరాదు. అయినను 1990వ దశకమున ఆ ప్రభుత్వమును, జపానుకు చెందిన మిత్సుబిషి సంస్థయు కలిసి తీరమున మహత్తరమైన ఉప్పుమడులు నిర్మింపబూనిరి. దేశదేశముల నుండి నిరసన లేవగా, 2000 మార్చిలో అధ్యక్షుడు సెడిల్లో ఆ తలంపును విరమించెను.

ఇప్పటి అపాయము సరస్సులో లేదు. వేలకొలది కిలోమీటర్ల ఆవల నున్నది. ఈ తిమింగిలములు వేసవిలో అలాస్కా దాపునను, దానికి ఉత్తరమునను గల చల్లని సముద్రములలో అడుగు బురదను పీల్చి, అందలి చిన్న రొయ్యవంటి పురుగులను వడగట్టి తినును. ఆ క్రొవ్వే శీతకాలపు కూడు. సరస్సులో తల్లి దాదాపు పస్తుండియే పిల్లకు చిక్కని పాలిచ్చును. ఉత్తర సముద్రములు వేడెక్కి మంచు తరుగుటతో ఆ మేత తగ్గెనని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2016లో సుమారు 27,000 ఉన్న ఈ తిమింగిలములు 2025 నాటి అంచనాలో 13,000కు దిగినవి. ఆ యేడు తల్లులతో ఉత్తరమునకు మరలిన పిల్లలు దాదాపు 85 మాత్రమే.

ఏప్రిలు ముగియునాటికి మిగిలిన తల్లులును పిల్లలతో సరస్సు మొగ దాటిపోవును. సరంగులు మరల వలలు చేపట్టుదురు.